విషయం: డిస్కులో జాగా లేకపోవుట గురించి

మా ఆఫీసులో చెత్తబుట్ట ఉండదు. ఉండకూడదని ఆర్డరు. ఎప్పుడో ఒక ఫైలు పోయింది. అది ఏమైందని పైనుంచి ప్రశ్న వచ్చింది. ఆ ప్రశ్న వచ్చిన కాగితం కూడా పోయింది. దాంతో "ఇకమీదట ఈ కార్యాలయమునందు ఏ కాగితమునూ, ఎట్టి పరిస్థితులలోనూ, ఎవ్వరునూ పారవేయరాదు" అని స్టాండింగ్ ఆర్డరు వేశారు. అప్పట్నుంచి వేరుశెనక్కాయలు కట్టించుకొచ్చిన పొట్లం కాగితమైనా సరే, మా రికార్డు గదిలోకి వెళ్లాల్సిందే. ఆ గదికి సూపరింటెండెంటుని నేను. నవ్వేవాళ్లు నవ్వుతారు. నవ్వేవాళ్లలో ఎంతమంది తమ పెళ్లి శుభలేఖ ఇప్పుడు తీసి చూపించగలరో కనుక్కోండి. మా దగ్గర ఇక్కడ పనిచేసిన ప్రతివాడి శుభలేఖా ఉంది, తప్పిపోయిన పెళ్లిళ్లవి కూడా.

మాది చింతరేవులో వేట పడవల అనుమతుల కార్యాలయం. ఎండాకాలం చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో సముద్రంలో వేట నిషేధం. అది ఎత్తేసేలోగా ప్రతి పడవకీ మా దగ్గర లైసెన్సు తిరగరాయించుకోవాలి. లైసెన్సు లేకుండా నీళ్లలోకి దిగితే మెరైన్ పోలీసులు తాడేసి లాక్కొచ్చేస్తారు. ఇదివరకు ఈ పని ఒక రబ్బరు స్టాంపుతో అయిపోయేది. ఇప్పుడు సర్వర్ అని ఒక ఇనప్పెట్టె వచ్చింది. లోపల లినక్స్ అని ఏదో నడుస్తుందట. దానికి ఏసీ గది ఇచ్చారు, నాకు టేబుల్ ఫ్యాను ఇచ్చారు. ఎవరి యోగం వాళ్లది.

నిషేధం ఇంకో వారంలో ముగుస్తుందనగా గరికిన నూకరత్నం అనే ఆవిడ వచ్చింది. భర్త పోయాక పడవ ఆవిడ పేరున మారింది. ఆవిడ తమ్ముడు పోలయ్య ఆ పడవకి సరంగు, అంటే నడిపేవాడు. దరఖాస్తు, పడవ ఫొటోలు, ఆధార్ కాగితాలు అన్నీ అంతకుముందే ఎక్కించి ఉన్నాయి. నేను చూశాను, సవ్యంగా ఉన్నాయి. 'మంజూరు' అన్న మీట నొక్కాను. యంత్రం కాసేపు ఆలోచించి, డిస్కులో జాగా లేదు పొమ్మంది.

"ఏటి బావూ, ఏటంతాది?" అంది నూకరత్నం.

"జాగా లేదంటోందమ్మా."

"నా పడవెట్టడానికా?"

"కాదు, నీ లైసెన్సు రాసి పెట్టడానికి."

"ఒక్క కాయితవే గదా బావూ. ఏ మూలో ఇరికించీమను."

మళ్లీ నొక్కాను. మళ్లీ లేదంది. రేపు రమ్మన్నాను. ఆవిడ కదల్లేదు. బల్ల అంచు పట్టుకుని అసలు సంగతి చెప్పింది. "మా పేటలో ఓ కట్టుబాటున్నాది బావూ. వల లాగే కళాసీ తొలిరోజు ఏ పడవెక్కితే సీజనంతా ఆ పడవే. నాకు నలుగురు కళాసీలు. ఆరోజు నా పడవ ఇసక మీదుంటే ఆ నలుగురూ ఇంకోడి పడవెక్కేత్తారు. ఆళ్ల తప్పు కాదు, ఆళ్లకీ పెళ్లాం పిల్లలున్నారు. మరింక ఏడాదంతా నా పడవ కాకులు వాలడానికే. అందుకే భయం."

"భయపడకమ్మా, ప్రభుత్వం ఉన్నది దేనికి?" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి వెళ్లిపోయింది.

కంప్యూటర్ల నిర్వహణ కాంట్రాక్టు కంపెనీ నుంచి షాహీన్ అనే ఇంజినీరు వచ్చింది. ముప్పయ్యేళ్లుంటాయి, నోరు కాస్త దురుసు. తెర మీద ఏవో నాలుగు అక్షరాలు కొట్టి, ఫక్కున నవ్వింది.

"సార్, ఇది పది నిమిషాల పని. ఈ మిషన్ తను చేసిన ప్రతి పనీ తనే రాసి పెట్టుకుంటుంది. ఎవరు లోపలికొచ్చారు, ఎవరు పాస్‌వర్డ్ తప్పు కొట్టారు, ప్రింటర్ ఎప్పుడు మొరాయించింది. వీటిని లాగులు అంటారు. ఏళ్ల తరబడి ఎవరూ తుడవలేదు. పైగా సిస్టమూ, మీ దరఖాస్తులూ, ఈ లాగులూ అన్నీ ఒకే పార్టిషన్‌లో, అంటే ఒకే అరలో, కుక్కేశారు. పాత లాగులు కొట్టేస్తే సరి."

"కొట్టేయడం అంటే?"

"డిలీట్ సార్."

ఆ మాట విని నేను లేచి తెరకి అడ్డంగా నిలబడ్డాను. "అమ్మాయ్, ఎవరొచ్చారో, ఎప్పుడొచ్చారో, ఏం చేశారో రాసి ఉంచినదాన్ని ఏమంటారు?"

"లాగ్ అంటారు సార్."

"రికార్డు అంటారు," అన్నాను. వెంటనే విషయం జాయింట్ డైరెక్టర్ త్రిలోచనరావు గారి దృష్టికి తీసుకువెళ్లాను.

త్రిలోచనరావు గారు ఏ విషయాన్నైనా నిలబడి వింటారు, కూర్చుని మర్చిపోతారు. ఈసారి మాత్రం కూర్చోలేదు. "రికార్డుల విధ్వంసమా? నా హయాములోనా?" అన్నారు. ఆ మధ్యాహ్నమే 'డిస్కు అంతర్గత రికార్డుల విధ్వంస యోగ్యతా పరిశీలనా ఉపసంఘం' ఏర్పడింది. ఆయన అధ్యక్షులు, నేను కన్వీనర్ని, షాహీన్ ప్రత్యేక ఆహ్వానితురాలు.

మొదటి సమావేశంలో నేను రికార్డుల మాన్యువల్ చదివి వినిపించాను. ఏ రికార్డునైనా నాశనం చేసేముందు ఇద్దరు ఉద్యోగులు పూర్తిగా చదివి, ఇది పనికిరానిది అని సంతకం పెట్టాలి. తర్వాత దానికొక నకలు తీసి భద్రపరచాలి.

"నకలు ఎక్కడ భద్రపరుస్తారు సార్?" అంది షాహీన్.

"అసలు ఉన్నచోటే," అన్నారు త్రిలోచనరావు గారు. "నకలు అసలుకు దూరంగా ఉండరాదు."

"ఒకటి తీసేసి, అదే మళ్లీ అక్కడే పెడితే జాగా ఎలా వస్తుంది సార్?"

"జాగా వచ్చుట, రాకపోవుట అనేది ఫలితం. మనము విధానమును చూడవలెను."

ఇద్దరు ఉద్యోగులు చదవాలంటే ముందు లాగులు కాగితం మీదికి రావాలి. ప్రింటుకి పంపాం. ప్రింటు కూడా అవలేదు. ప్రింటుకి వెళ్లే ముందు ఏ కాగితమైనా కాసేపు ఆ డిస్కులోనే ఓ మూల నిలబడాలట. ఆ మూల కూడా లేదు. షాహీన్ నుదురు కొట్టుకుంది. పోనీ వేరే డిస్కు కొని దాంట్లోకి ఎక్కిద్దాం అన్నాను. కొనాలంటే ఇండెంటు ఆ సర్వర్లోనే పెట్టాలి.

"సరే, లాగుల జోలికి పోవద్దు," అంది షాహీన్. "ఇదిగో, ప్యాకేజీల క్యాషే అని ఒకటుంది. కొత్త ప్రోగ్రాం ఎక్కించినప్పుడల్లా వచ్చిన కట్టలు. సామాను బయటికి తీసేసుకున్నాక మిగిలిన అట్టపెట్టెలు అనుకోండి. ఇవి పారేస్తే ఎవరికీ నష్టం లేదు."

నేను ఆవిణ్ని రికార్డు గదిలోకి తీసుకెళ్లాను. ఏసీ అట్టపెట్టె, టేబుల్ ఫ్యాను అట్టపెట్టె, ఎప్పుడో పాడైపోయిన టీవీ అట్టపెట్టె, వాటిలో ఉన్న థర్మాకోల్ సహా చూపించాను. "వారంటీ," అన్నాను. ఈ దేశంలో అట్టపెట్టె పారేసే ఇల్లు ఒకటి చూపించమనండి, ఆఫీసు సంగతి తర్వాత మాట్లాడదాం. షాహీన్ వెనక్కి తిరిగి వచ్చి మంచినీళ్లు తాగింది.

అప్పుడు పాత కెర్నళ్ల విషయం బయటపడింది. కెర్నల్ అంటే ఆ లినక్స్‌ని నడిపించేదట. కొత్తది వచ్చినప్పుడు పాతది పక్కకు తప్పుకుని ఊరికే ఉంటుందట. మా సర్వర్లో అలాంటివి ఏడున్నాయి. ఈ మాట వినగానే త్రిలోచనరావు గారు చలించిపోయారు.

"అనగా, వీరు ఇంతకాలము ఈ కార్యాలయమును నడిపి, ప్రస్తుతము ఎట్టి బాధ్యతలూ లేక ఉన్నారన్నమాట."

"అవును సార్. వీటిని తీసేయొచ్చు."

"తీసివేయుట ఏమమ్మా! సేవలందించినవారిని గౌరవముగా సాగనంపవలెను. పదవీ విరమణ సభ ఏర్పాటు చేయండి."

చేశాం. మా ఆఫీసులో సన్మానం అంటే ఆషామాషీగా ఉండదు. వాటర్ ట్యాంకు ఆపరేటరు రిటైరైనా గజమాల తెస్తాం. ఏసీ గదిలోనే షామియానా వేద్దామన్నారు, పట్టలేదు. సర్వర్ మీద ఏడు శాలువాలు ఒకదాని మీద ఒకటి కప్పాం. త్రిలోచనరావు గారు ఒక్కొక్క కెర్నల్‌నీ నంబరుతో సహా పేరుపెట్టి పిలిచి, "వీరు లేని లోటు పూడ్చలేనిది" అని ఏడుసార్లు అన్నారు. మూడో శాలువాకే పెట్టె బుసలు కొట్టడం మొదలెట్టింది. ఐదో శాలువాకి గాలాడక కీచుమంది. అది ఆనందబాష్పం కింద లెక్క అన్నారు ఎవరో. షాహీన్ పరుగెత్తుకెళ్లి శాలువాలు లాగేసింది.

తలుపు దగ్గర నూకరత్నం నిలబడి ఉంది. రోజూ వస్తోంది పాపం. "శాలువాలెవరికి బావూ?"

"రిటైరైనవాళ్లకి."

"ఆళ్లేరి?"

"కనబడరమ్మా."

"కనబడనోళ్లకి శాలువాలు, కనబడేవోళ్లకి రేపు రమ్మనడవూ! బాగున్నాది బావూ మీ ఏపారం." మైసూర్‌పాక్ ముక్క ఇవ్వబోతే వద్దంది. "ఇంకో పడవోడు నా కళాసీలకి టీలిప్పిత్తన్నాడు. నాకు మిఠాయి ఏటి తియ్యగుంటాది?"

నాకు మనసు చివుక్కుమంది. కానీ మనసుకి మాన్యువల్లో పేరా లేదు.

కెర్నళ్లు వెళ్లిపోయాక కాస్త జాగా దొరికిన మాట నిజం. నూకరత్నం లైసెన్సుకి అది సరిపోయేదే. నేను నా సీట్లో కూర్చుని మీట నొక్కేలోపు సన్మానం వీడియో, నూటయాభై ఫొటోలు ఎక్కేశాయి. ప్రభుత్వ కార్యక్రమం ఏదైనా అదే రోజు సర్వర్లోకి ఎక్కించాలని ఆర్డరు ఉంది. ఆ ఆర్డరు తెచ్చింది కూడా త్రిలోచనరావు గారే. మళ్లీ జాగా లేదంది.

ఈలోగా హెడ్డాఫీసుకి వాసన తగిలింది. వాళ్లు ఊరుకుంటారా? 'జాగా నిరంతర పర్యవేక్షణా విభాగం' అని పెట్టి, మా సర్వర్లో ఒక ప్రోగ్రాం దించారు. డిస్కులో జాగా ఎంతుందో అది క్షణానికోసారి చూసి రాయాలి. అది ఎంతో శ్రద్ధగా 'జాగా లేదు, జాగా లేదు' అని రాయడం మొదలుపెట్టింది. ఎలుకల బెడద తగ్గించడానికి పెంచిన పిల్లి పాలకుండ ఖాళీ చేసినట్టయింది. ఆ రాతలు కూడా రికార్డులే కాబట్టి నేను గౌరవించాను.

షాహీన్‌కి ఒళ్లు మండిపోయింది. "మీకు దణ్ణం సార్. నన్ను ఉద్యోగంలోంచి పీకేయించినా సరే," అని, మా కళ్ల ముందే ఒక పెద్ద లాగు ఫైలు కొట్టేసింది. నేను 'అయ్యో' అనేలోపు అయిపోయింది. అయినా జాగా రాలేదు! ఆ అమ్మాయి తెర వంక చూసి పళ్లు కొరికింది.

"ఫైలు పోయింది సార్. కానీ ఒక ప్రోగ్రాం దాన్ని ఇంకా తెరిచి పట్టుకుని కూర్చుంది. అది వదిలేదాకా జాగా మనది కాదు. ఆ ప్రోగ్రాంని ఆపి మళ్లీ మొదలుపెడితే చాలు."

కంప్యూటర్ల గురించి నా సర్వీసులో మొట్టమొదటిసారి ఒక విషయం అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. "బదిలీ అయింది, క్వార్టర్సు ఖాళీ చేయలేదు. అంతేగా?"

"అంతే సార్!" అంది షాహీన్ ఆశగా.

"అయితే నోటీసివ్వాలి."

ఆశ ఎగిరిపోయింది. త్రిలోచనరావు గారి సంతకంతో నోటీసు తయారైంది. తమరు ఆక్రమించియున్న జాగాను ఏల ఖాళీ చేయరాదో సంజాయిషీ ఇచ్చుకొనవలసినదిగా కోరడమైనది. ఆయన పాత ఊళ్లో క్వార్టర్సు ఇంకా తనే ఉంచుకున్నారు కాబట్టి భాష కాస్త మెత్తగా రాయించారు. దాన్ని జిగురుతో సర్వర్ మీద అంటించాం. షాహీన్‌కి ఇంకో నోటీసు ఇచ్చాం, రికార్డు కొట్టేసినందుకు. ఆ అమ్మాయి దాన్ని చదివి, మడిచి, "దీన్నెక్కడ పెట్టమంటారు?" అంది. జవాబు చెబితే ఇంకో నోటీసు ఇవ్వాల్సి వస్తుందని నేను చెప్పలేదు.

నిషేధం ముగిసే ముందురోజు వచ్చింది. ఉదయమే నూకరత్నం వచ్చి బెంచీ మీద కూర్చుంది. హెడ్డాఫీసు నుంచి ఫోను. మర్నాడు ఉదయం రేవులో త్రిలోచనరావు గారు జెండా ఊపి వేట ప్రారంభించాలట, ఆ లోపు డిస్కు నిండుదల తొంభై శాతం దిగువకు తేవాలట, లేకపోతే బాధ్యులపై చర్య తప్పదట. బాధ్యులు అన్న మాట వినగానే ఆయన కుర్చీలోంచి లేచి నా సీటు దాకా నడిచొచ్చారు. అంత దూరం ఆయన నడవగా నేను ఎన్నడూ చూడలేదు.

"సూపరింటెండెంటు గారూ, రికార్డు అనగా ఏమిటో మాన్యువల్‌లో ఒక్కసారి చదవండి."

చదివాను. 'ముగింపు ఉత్తర్వు పొందిన ఫైలును రికార్డు అని వ్యవహరించవలెను.'

"అనగా ముగింపు ఉత్తర్వు పొందనిది?"

"రికార్డు కాదు సార్."

"రికార్డు కానిదానిని పారవేయుటకు ఏ అనుమతులు అవసరం?"

పేజీలు తిరగేశాను. "ఏవీ అక్కర్లేదు సార్."

"లాగులు ఉపసంఘమునందున్నవి, వాటి మాట వద్దు. మన డిస్కులో ముగింపు ఉత్తర్వు పొందనివి ఇంకేమున్నవి?"

షాహీన్ అడ్డొచ్చింది. "సార్, అవి దరఖాస్తులు. మంజూరు కావాల్సిన దరఖాస్తులు. ఈ డిస్కులో ఎవరికైనా ఉపయోగపడేవి అవొక్కటే! ప్రోగ్రాం ఒక్కసారి ఆపనివ్వండి, రెండే రెండు నిమిషాలు."

"నోటీసుకు గడువు ఉన్నదమ్మా," అన్నారు త్రిలోచనరావు గారు. "సహజ న్యాయము."

షాహీన్ మీట నొక్కనంది. ఆయనే నొక్కారు. లినక్స్‌లో 'రూట్' అని ఒక సర్వాధికారి ఉంటాడట, ఆయనకి ఎవరి అనుమతీ అక్కర్లేదట. అట్టి హోదా జాయింట్ డైరెక్టరు స్థాయికి తగ్గినవారికి ఉండరాదని ఆ పాస్‌వర్డ్ మొదటిరోజే ఆయన తీసేసుకున్నారు. పడవల ఫొటోలు, ఆధార్ కాగితాలు, వేలిముద్రలు, చింతరేవులో లైసెన్సు రాక మిగిలిపోయిన పేట పేటంతా ఒక్క నొక్కుకి వెళ్లిపోయింది. నూరు శాతం డెబ్బై ఒకటికి దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, అలవాటు కొద్దీ.

మరో గంటకి హెడ్డాఫీసు నుంచి అభినందనలు వచ్చాయి. జాగా సాధించడమే కాకుండా, రాష్ట్రంలో ఒక్క దరఖాస్తు కూడా పెండింగు లేని ఏకైక కార్యాలయం మాదేనట.

నూకరత్నాన్ని పిలిచి చెప్పాల్సింది నేనే. "అమ్మా, ఇప్పుడు జాగా ఉంది. కానీ నీ దరఖాస్తు లేదు. కొత్తగా పెట్టుకో. పదిహేను రోజుల్లో చూస్తాం."

"పదేను రోజులా? కళాసీలు రేపు తెల్లారి ఎక్కాల బావూ!"

"ఏం చెయ్యనమ్మా."

"నా పడవ పేరు కొట్టి సూడండి బావూ. ఒక్కసారి సూడండి."

కొట్టాను. "ఆ పేరుతో పడవ లేదు."

"ఒడ్డు మీదున్నాది గదా! పొద్దున్నే పసుపు రాసొచ్చినాను!"

"రికార్డు ప్రకారం లేదమ్మా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నోట్లో కొంగు పెట్టుకుని తెర వంక చూసింది. తర్వాత నెమ్మదిగా అడిగింది. "పోలీసోళ్లు ఏ లిస్టు సూసి పడవలు లాక్కొత్తారు బావూ?"

"మేమిచ్చేదే. లైసెన్సు పెండింగులో ఉన్న పడవల లిస్టు."

"అందులో నా పడవున్నాదా?"

"లేదు. అందులో ఎవరూ లేరు. పెండింగు సున్నా."

"అయితే లేని పడవని ఎవుడు లాక్కొత్తాడు బావూ?"

మాన్యువల్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా మనసులోనే తిరగేశాను. పక్కన షాహీన్ నా వంకే చూస్తోంది. ఉన్న పడవకి ఉండాల్సిన కాగితాల గురించి నలభై పేరాలున్నాయి. లేని పడవ గురించి ఒక్క ముక్క లేదు. నేను రూలు ఉంటే ఉందంటాను, లేకపోతే లేదంటాను. నా బతుకంతా అంతే.

"నాకు తెలిసి అలాంటి రూలు లేదమ్మా," అన్నాను.

నూకరత్నం దణ్ణం కూడా పెట్టకుండా పరుగెత్తింది.

మర్నాడు తెల్లవారగానే రేవులో వేదిక, మైకు, జెండా. లైసెన్సు ఉన్న పడవలన్నిటికీ ఈ ఏడాది స్టిక్కరు ఉంది, అవి ఓ వరుసలో నిలబడ్డాయి. త్రిలోచనరావు గారు జెండా ఊపారు. ఆ వరుస కదిలిందో లేదో, దాని పక్కనుంచి ఇంకో వరుస వచ్చింది. ముందర పసుపు పూసిన ఆకుపచ్చ పడవ. చుక్కాని దగ్గర పోలయ్య. వెనకాల ఇంకెన్నో పడవలు, దేనికీ స్టిక్కరు లేదు. నూకరత్నం పేటలో ఇంటింటికీ వెళ్లి చెప్పినట్టుంది.

మెరైన్ ఇన్‌స్పెక్టరు ఈల నోట్లో పెట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. "సార్, ఆ పడవలకి లైసెన్సు లేదు. ఎవరివో లిస్టులో చూసి చెప్పండి, ఇప్పుడే పట్టుకొస్తాం."

త్రిలోచనరావు గారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. ఆ పడవలు ఉన్నాయంటే వాటి దరఖాస్తులు ఏమయ్యాయో చెప్పాలి. అది చెప్పాలంటే మీట ఎవరు నొక్కారో చెప్పాలి. అభినందన పత్రం ఆయన జేబులోంచి సగం బయటికి కనబడుతోంది. ఆయన దాన్ని లోపలికి నొక్కుకున్నారు.

"ఏ పడవలు?" అన్నారు చివరికి.

"అవిగో సార్, ఎదురుగా! ఆ ఆకుపచ్చది!"

"ఇన్‌స్పెక్టరు గారూ, పెండింగు శూన్యమని ధ్రువీకరింపబడిన తీరమునందు లైసెన్సు లేని పడవ ఉండుటకు ఆస్కారమే లేదు." ఆయన సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డారు. "అందరూ ఇటు తిరగండి. ఫొటో తీసుకుందాం."

ఇన్‌స్పెక్టరు ఈల జేబులో పెట్టుకుని తిరిగాడు. మా ఆఫీసంతా సముద్రానికి వీపు పెట్టి వరుసగా నిలబడింది. నీటి అంచున మోకాళ్ల దాకా తడిసిన నూకరత్నం "ఒరే పోలిగా, జాగర్త!" అని గొంతు చించుకుని అరుస్తోంది. త్రిలోచనరావు గారు పెదవి కదపకుండా, "ఎవ్వరూ అటు చూడరాదు," అన్నారు.

పై అధికారి మాట నేను ఎన్నడూ జవదాటలేదు. ఆ ఒక్కసారి తల తిప్పి చూశాను. పోలయ్య వెనక నలుగురు కళాసీలూ ఉన్నారు.